బాగోగుల సర్వేలో వికలాంగుల మాట: ఎవరిని లెక్కించాలి, ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

పొదిలి దగ్గరి ఒక పల్లెలో వేపచెట్టు కింద నులకమంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయన మెడ తిరగదు. ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే ఒళ్లంతా తిప్పుకుని చూడాలి. చిన్నప్పటినుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని బిగించేశాయి. సర్వేకు వచ్చిన అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వాకిట్లో నిలబడి, "మీ మామగారు తన జీవితం గురించి ఎంత తృప్తిగా ఉన్నారు? పదికి ఎంత వేయమంటారు?" అని కోడలిని అడిగింది. కోడలు ఒక్క క్షణం ఆలోచించి, "ఎనిమిది వేసుకోమ్మా. పింఛను వస్తోంది, వేళకు ఇంత పెడుతున్నాం, ఏ లోటూ లేదు" అంది. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. తనకు తెలిసింది చెప్పింది.

సిబ్బందికి తోడుగా వెళ్లిన నేను సాయంత్రం ఆయన పక్కన చేరాను. పళ్లెంలో పది చింతగింజలు పోసి, "మీ బతుకు మీకు ఎంత బాగుందనిపిస్తే అన్ని గింజలు పక్కకు తీసి పెట్టండి" అన్నాను. ఆయన వేళ్లతో తడుముకుంటూ మూడు తీశారు. ఎందుకని అడిగితే చాలాసేపు పలకలేదు. తర్వాత చెప్పారు, రాత్రిపూట అన్నం మానేశానని. ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. కానీ అది కింద కూర్చునే రకం, ఆయన మోకాళ్లు వంగవు. పగలైతే కొడుకు పట్టుకుని నిలబడతాడు. అర్ధరాత్రి ఎవరినీ లేపడం ఇష్టంలేక తిండే తగ్గించుకున్నారు. "ఇది కోడలికి చెప్పుకునే మాటామ్మా?" అన్నారు.

ఎనిమిదికీ మూడుకీ మధ్య ఉన్న ఆ తేడా కోసమే ఈ వ్యాసం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రజల బాగోగుల మీద సర్వే చేయబోయే పంచాయతీలు, మండల అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీ అధ్యాపకులు దీన్ని చదవాలని నా కోరిక. 2024 డిసెంబరులో విడుదలైన స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం ఆరోగ్యం, సంపదలతో పాటు ఆనందాన్ని కూడా రాష్ట్ర లక్ష్యంగా చెప్పింది. ఆనందం లక్ష్యమైతే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని కొలవాల్సిందే. భూటాన్ 9 రంగాలు, 33 సూచికలతో కొలుస్తోంది. బ్రిటన్ 2011 నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతోంది. ఆస్ట్రేలియా 2023 జూలైలో 50 సూచికల చట్రాన్ని ప్రకటించింది. ఎక్కడ కొలిచినా కొన్ని ఎంపికలు తప్పవు. ఆ ఎంపికల్లోనే వికలాంగుల జీవితం లెక్కలోకి రావడమో, జారిపోవడమో జరుగుతుంది.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి?

మన ముందు మూడు దారులున్నాయి: సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైద్యులు పరీక్షించి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది) ఉన్నవారి జాబితా తీసుకోవడం, జనగణనలో లాగా "ఈ మనిషికి వైకల్యం ఉందా?" అని నేరుగా అడగడం, ఆ మాటే ఎత్తకుండా రోజువారీ పనుల్లో ఇబ్బంది గురించి అడగడం.

సదరం జాబితా చేతికి అందేదే. సచివాలయంలో అడిగితే పేర్లు, ఊళ్లు, శాతాలతో సహా ఉంటుంది. పింఛన్లు ఎవరికి అందుతున్నాయో చూడాలంటే అదే సరైనది. కానీ అది సర్టిఫికెట్లు ఉన్నవారి జాబితా మాత్రమే. 2018 జూలై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, దేశంలోని వికలాంగుల్లో సర్టిఫికెట్ ఉన్నవారు 28.8 శాతమేనని తేలింది. స్లాట్ దొరకనివారు, క్యాంపు దాకా వెళ్లలేనివారు, 40 శాతం వైకల్యం అన్న గీతకు కాస్త కిందే ఆగిపోయినవారు అందరూ ఆ జాబితాకు బయటే ఉంటారు. బాగోగుల సర్వేకు దీన్ని పునాదిగా తీసుకుంటే, ఎక్కువ కష్టంలో ఉన్నవారిని ముందే తీసేసి లెక్క మొదలుపెట్టినట్టే.

నేరుగా అడిగే పద్ధతి మనకు అలవాటైనది. 2011 జనగణనలో ఈ విధంగా తేలిన వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో దాదాపు 16 శాతం మందికి గణనీయమైన వైకల్యం ఉంది. లెక్కించే కొలతలు వేరన్నమాట నిజమే. అయినా ఇంత తేడాకు ఒక పెద్ద కారణం ప్రశ్నలోనే ఉంది. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నకు "లేదండీ" అనే జవాబు వస్తుంది. పొదిలి పెద్దాయనను అడిగినా "నాకు వైకల్యమేమిటి? ఇది నీళ్ల దోషం, ముసలితనం" అంటారు. ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. మూడు తరాలు ఇలా వంగిపోతూ వస్తే, వంగిపోవడం ఆ ఊళ్లలో వయసుతో పాటు వచ్చేదే అయిపోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల జాబితాను 21కి పెంచినా అందులో ఫ్లోరోసిస్ పేరు లేదు. కదలికల వైకల్యం కింద శాతం వస్తేనే గుర్తింపు.

మూడో దారి వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2001లో ఏర్పాటుచేసిన బృందం తయారుచేసిన ఆరు ప్రశ్నలు ఇవి. కళ్లద్దాలు పెట్టుకున్నా చూడటంలో ఇబ్బంది ఉందా? వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడంలో ఇబ్బంది ఉందా? నడవడంలో, మెట్లు ఎక్కడంలో? గుర్తుపెట్టుకోవడంలో, మనసు నిలపడంలో? స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం లాంటి సొంత పనుల్లో? మీరు చెప్పేది ఎదుటివారికి, వారు చెప్పేది మీకు అర్థం కావడంలో? ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా "చాలా ఉంది" లేదా "అసలు చేయలేను" అంటే ఆ మనిషిని వికలాంగుల లెక్కలో చేరుస్తారు. ఆరు ప్రశ్నల్లో ఎక్కడా వైకల్యం అన్న మాట రాదు. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అన్న తగువు కూడా గడప దాటి లోపలికి రాదు. పెద్దాయన రెండు చోట్ల "చాలా ఉంది" అన్నారు.

నేను ఈ ఆరు ప్రశ్నలనే ఎంచుకుంటాను. అయితే వీటికీ లోట్లున్నాయి. దిగులు, భయం, మానసిక అనారోగ్యం వీటికి అందవు. అదే బృందం విస్తృత ప్రశ్నావళిలో ఆందోళన, కుంగుబాటుల మీద విడిగా ప్రశ్నలున్నాయి, వాటినీ కలుపుకోవాలి. తలసీమియా, హిమోఫిలియా లాంటి రక్త సంబంధ వ్యాధులు చట్టం జాబితాలో ఉన్నా ఈ ప్రశ్నలకు దొరకకపోవచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు ఇవి పనికిరావు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పల్లెల్లో ఇబ్బంది ఎంత అని అడిగితే "ఏదో నెట్టుకొస్తున్నాను" అంటారు. దాన్ని "కొంత ఉంది" గడిలో వేసేయకూడదు. నాలుగు జవాబులూ మళ్లీ చదివి, ఏదో ఒకటి వారినే ఎంచుకోమనాలి. ఆరూ అయ్యాక "సదరం సర్టిఫికెట్ ఉందా?" అని అడగండి. ఇబ్బంది ఉండీ సర్టిఫికెట్ లేనివారు మీ ఊళ్లో ఎందరో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

జవాబు ఎవరు చెప్పాలి?

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పై ఎంపికలన్నీ సరిగ్గా చేసి ఇక్కడ తప్పితే, మీ చేతికొచ్చేది ఇంటి యజమాని అభిప్రాయం.

మన సర్వేల్లో ఇంటి పెద్ద ఒక్కరే అందరి గురించీ చెప్పడం ఆనవాయితీ. రేషన్ కార్డు, భూమి, పశువులు, ఇంటి పైకప్పు గురించైతే అది సరిపోతుంది. మనసులో ఉన్నదాన్ని ఇంకొకరు చెప్పలేరు. ఆ తప్పు ఒకవైపే జరుగుతుందని కూడా అనుకోవద్దు. కోడలు ఎనిమిది వేసింది. కొన్ని ఇళ్లలో "అయ్యో పాపం, దాని బతుకేం బతుకు" అంటూ తల్లి రెండు వేస్తుంది. లోపల కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతూ, తన సంపాదనతో తమ్ముడికి ఫీజు కడుతున్న కూతురిని అడిగితే ఏడు అంటుంది. 1999లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో తీవ్ర వైకల్యం ఉన్నవారిని నేరుగా అడిగితే, సగానికి పైగా తమ జీవితం బాగుందని, చాలా బాగుందని చెప్పారు. బయటివారి ఊహ దానికి పూర్తిగా వేరు. కాబట్టి జాలితో వేసిన అంకె అయినా, తృప్తితో వేసిన అంకె అయినా వేరొకరి చేతిమీదుగా వస్తే దాన్ని నమ్మలేం.

మనిషినే నేరుగా అడగడం రెండో పద్ధతి. ఎంచుకోవాల్సింది ఇదే, కానీ దీనికి ఏర్పాట్లు కావాలి. ఇంటివారు లేనిచోట, లేదా కనీసం వారికి వినపడనంత దూరంలో అడగాలి. అలా అడగనందుకే పెద్దాయన మాట సాయంత్రం దాకా బయటికి రాలేదు. చూపు లేనివారికి, అంకెలు అలవాటు లేనివారికి పదికి ఎంత అని నోటితో అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. పది చింతగింజలు, లేదా పది గులకరాళ్లు చేతికిస్తే తడిమి, ఎంచి, ఒకటి వెనక్కి వేసి, మళ్లీ తీసుకుంటారు. అలా వెనక్కి తీసుకున్న గింజలోనే ఆలోచన కనపడుతుంది. మేధో వైకల్యం ఉన్న యువకులకు పది మెట్ల కొలత పెద్దది. నవ్వే ముఖం, మామూలు ముఖం, ఏడ్చే ముఖం ఉన్న మూడు బొమ్మలు చూపితే చక్కగా వేలు పెట్టి చూపిస్తారు.

సాయపడే మనిషిని పక్కన పెట్టుకుని అడగడం మూడోది. కోవూరు వైపు ఒక ఊళ్లో వినికిడి లేని అమ్మాయి కోసం పట్నంనుంచి సైగల భాష తెలిసినవారిని పిలిపించాం. ఆయన చేసిన సైగ ఒక్కటీ ఆమెకు అర్థం కాలేదు. ఆమె బడికి వెళ్లలేదు, భారతీయ సైగల భాష ఎవరూ నేర్పలేదు. ఆమెవి ఇంటి సైగలు. పక్కింట్లో చిన్నప్పటినుంచి కలిసి ఆడుకున్న స్నేహితురాలు వచ్చాక గాని మాట సాగలేదు. ఆ ఇద్దరి మధ్య చేతులు ఎంత వేగంగా కదిలాయో, మధ్యలో ఎన్నిసార్లు నవ్వుకున్నారో చూశాక, అన్నయ్య అంతకుముందు చెప్పిన "దానికేం తెలియదండీ" అన్న మాట ఎంత అన్యాయమో తెలిసింది. కాబట్టి సాయపడేవారిని ఆ మనిషినే ఎంచుకోనివ్వండి. ఇంటివారు, ముఖ్యంగా ఆమె డబ్బు చూసుకునేవారు అయితే రెండుసార్లు ఆలోచించండి.

కొందరి విషయంలో ఏం చేసినా నేరుగా అడగడం కుదరదు. అప్పుడు దగ్గరగా చూసుకునే మనిషినే అడగక తప్పదు. దానికీ ఒక పద్ధతుంది. "తృప్తిగా ఉన్నారా?" అని కాకుండా కంటికి కనిపించేవి అడగాలి: రోజూ ఎంతసేపు బయట కూర్చుంటారు, ఎవరిని చూస్తే ముఖం విప్పారుతుంది, నొప్పి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది. ఫారంలో ఒక గడి తప్పనిసరిగా పెట్టండి: జవాబు ఎవరు చెప్పారు, ఎదుట ఎవరున్నారు. ఆ గడి లేకపోతే తర్వాత కూర్చుని విడదీయడం ఎవరివల్లా కాదు.

తృప్తి మెట్లా, సౌకర్యాల లెక్కా, అడ్డంకులా?

సున్నా నుంచి పది వరకు మెట్లు చూపి "మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?" అని అడిగే పద్ధతి ప్రపంచ సంతోష నివేదికలోనూ ఉంది. చవకైనది, చిన్నది, ఎక్కడివారితోనైనా పోల్చవచ్చు. ఉంచండి. ఒక్కదాన్నే ఉంచొద్దు. పుట్టినప్పటినుంచి ఇంటి అరుగు దాటని మనిషి ఎనిమిది చెప్పవచ్చు, అరుగు అవతల ఏముందో ఆయనకు తెలియదు కాబట్టి. ఆ ఎనిమిది ఆయన హృదయపూర్వకంగా చెప్పిందే, కానీ పంచాయతీ చేతులు దులుపుకోవడానికి అది సాకు కాకూడదు.

సౌకర్యాల లెక్క ఇంకో పద్ధతి. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలో 12 అంశాలున్నాయి, పారిశుద్ధ్యం వాటిలో ఒకటి. వైకల్యం వాటిలో లేదు. పెద్దాయన ఇంట్లో మరుగుదొడ్డి ఉంది, కాబట్టి ఆ గడిలో లోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. కాళ్లకు ఊతంగా క్యాలిపర్లు వేసుకున్న ఆడమనిషికి బస్సు మొదటి మెట్టే ఎత్తు, ఆమె ఇంకా ఆటోకే డబ్బిస్తోంది. అమర్త్యసేన్ చెప్పింది ఇదే: ఒకే వనరు అందరి జీవితంలో ఒకే ఫలితంగా మారదు. ఆదాయం విషయంలోనూ అంతే. వికలాంగుల సామాజిక భద్రత సాయం ఇతరులకు ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 చట్టమే చెబుతోంది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4000, వికలాంగుల పింఛను 6000 రూపాయలు. ఆ 2000 తేడా ఆటోకు, మందులకు, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలికి ఎక్కడికక్కడ అయిపోతుంది. సర్వేలో ఆదాయం అడిగి, వైకల్యంవల్ల పడే ఖర్చు అడగకపోతే ఆ ఇల్లు ఉన్నదానికంటే మెరుగ్గా కనపడుతుంది.

అందుకే అడ్డంకుల ప్రశ్నలకు నేను ఎక్కువ చోటిస్తాను. నాలుగు చాలు. పోయిన నెలలో వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన చోటు ఉందా, ఏమి అడ్డొచ్చింది? మరుగుదొడ్డి ఇబ్బందివల్ల తిండిగాని నీళ్లుగాని తగ్గించుకుంటున్నారా? మీ పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, దేనికి ఖర్చుపెట్టాలో ఎవరు చెబుతారు? ఈ వారంలో ఇంటివారు కానివారితో ఎన్నిసార్లు మాట్లాడారు? రెండో ప్రశ్న నాకు ఏ ప్రామాణిక ప్రశ్నావళిలోనూ దొరకలేదు, ఆ మంచం దగ్గరే దొరికింది. అందుకే ప్రశ్నలు ఖరారు చేసేముందే మీ ఊరి వికలాంగుల సంఘంవారితో ఒక పూట కూర్చోండి.

ఫోనా, గడపకు వెళ్లడమా?

రికార్డు చేసిన గొంతు ప్రశ్న అడిగితే అంకె నొక్కి జవాబిచ్చే ఐవీఆర్ఎస్ ఫోను సర్వే వేగంగా, చవకగా అయిపోతుంది. రోడ్డు సౌకర్యాల మీదైతే పనికొస్తుంది. వినికిడి లేనివారు దానికి పూర్తిగా బయటివారు. ఇళ్లలో ఫోను చాలావరకు కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. ఒకటి నొక్కింది ఎవరో మనకు తెలియదు. 2027 జనగణనలో వివరాలు సొంతంగా ఆన్‌లైన్లో నింపే వీలు ఇస్తున్నారు. అక్కడా నింపే చెయ్యి ఎవరిది అన్న సందేహం ఇలాంటిదే. వికలాంగుల బాగోగులకు గడపకు వెళ్లాల్సిందే. పింఛను పంచే ఒకటో తేదీన మాత్రం ఈ ప్రశ్నలు వద్దు. డబ్బు ఇస్తున్న చేతికి ఎవరూ మూడు గింజలు చూపించరు.

విడి సర్వేనా, అందరి సర్వేలోనేనా?

విడిగా చేస్తే లోతుగా అడగవచ్చు, కానీ పక్కింటివారితో పోల్చే వీలు పోతుంది. బ్రిటన్ గణాంక కార్యాలయం అందరినీ అవే నాలుగు ప్రశ్నలు అడిగి తర్వాత విడదీస్తుంది కాబట్టే, వికలాంగులకు తృప్తి, సంతోషం, జీవితానికి విలువ ఉందన్న భావన సగటున తక్కువని, ఆందోళన ఎక్కువని చెప్పగలుగుతోంది.

అందరి సర్వేలో కలిపితే అంకెల చిక్కు వస్తుంది. మండలంలో వెయ్యి మందిని అడిగారనుకోండి. జనగణన నిష్పత్తిలో చూస్తే అందులో వికలాంగులు 22 మంది, వారిలో స్త్రీలు పదిమందో ఏమో, వినికిడి లేని స్త్రీ ఒకరు దొరికితే గొప్ప. ఆరు ప్రశ్నలతో సంఖ్య పెరిగినా విడదీసి చెప్పేంత ఉండదు. నా సలహా ఇది: సర్వేకు తీసుకున్న పల్లెల్లో ముందు ప్రతి ఇంటికీ ఆరు ప్రశ్నలతో ఒక చుట్టు తిరగండి. మనిషికి రెండు నిమిషాలు చాలు. అందులో తేలిన వికలాంగులందరినీ పూర్తి సర్వేకు తీసుకోండి, మిగిలినవారిలో యథాప్రకారం కొందరిని తీసుకోండి. మండలం సగటు కట్టేటప్పుడు వికలాంగుల వంతును అసలు నిష్పత్తికి తగ్గించి కలపాలి. ఆ పని కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే ఎవరైనా చేసిపెడతారు.

డబ్బు తక్కువై ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఊళ్ల సంఖ్య తగ్గించండి, సూచికలు తగ్గించండి. మనిషినే అడగడం మాత్రం వదలొద్దు. రెండోసారి వెళ్లి ఫలితాలు చెప్పడానికి కూడా కొంత తీసి పెట్టుకోండి, ఆ సభ మెట్లు లేనిచోట పెట్టండి.

ఆ సర్వేకు రెండోసారి వెళ్లే ఏర్పాటు లేదు. కొన్ని నెలల తర్వాత వేరే పనిమీద ఆ ఊరు వెళ్లినప్పుడు పెద్దాయన నన్ను గొంతు విని గుర్తుపట్టి, ఒళ్లంతా ఇటు తిప్పారు. "నా మూడు గింజలూ ఎవరికి చూపించావమ్మా?" అని అడిగారు. ట్యాబ్‌లో కోడలు చెప్పిన ఎనిమిదే ఉందని, నా గింజలకు అందులో గడి లేదని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అయితే మళ్లీ రమ్మను. ఈసారి నన్ను అడగమను" అన్నారు.